బరువు తగ్గించే ఇంజెక్షన్: మందు ఎంతవరకు, అలవాటు ఎక్కడినుంచి?

క్లుప్తంగా: సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటి మందులు ఆకలిని తగ్గించి బరువు దించుతాయి. వాటిని ఆపేస్తే, పోయిన బరువులో పెద్ద భాగం ఏడాదిలోనే తిరిగి వస్తోంది. మందుకు అలవాట్లు తోడైతే తూకంలో కనిపించే అదనపు లాభం కొంచెమే. అసలు తేడా కండ నిలవడంలో, తిన్న కాస్తలో పోషకాలు అందడంలో, మందు ఆపాక బరువు ఆగడంలో ఉంటుంది. ఆకలి లేక తక్కువ తినడం మాత్రం అలవాటు కిందికి రాదు.

బరువు తగ్గించే మందుల గురించి రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. వారానికో ఇంజెక్షన్‌తో పని అయిపోతుంటే ఇంకా తిండి లెక్కలు, వ్యాయామం ఎందుకన్నది ఒకటి. నోరు కట్టుకోలేనివాళ్లే మందు దాకా వెళ్తారన్నది రెండోది. ఎదురెదురుగా కనిపించినా రెండూ ఒకే అంచనా మీద నిలబడ్డాయి: మందు, అలవాటు చేసేది ఒకే పని కాబట్టి ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని.

ఈ గందరగోళానికి సందర్భం కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 సెప్టెంబర్‌లో ఈ తరగతి మందులను అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. టైప్-2 మధుమేహంతో పాటు గుండె లేదా కిడ్నీ జబ్బు, ఊబకాయం ఉన్నవాళ్ల కోసం ఆ నిర్ణయం తీసుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో, ఊబకాయం ఉన్న పెద్దవాళ్లకు వీటిని దీర్ఘకాల చికిత్సగా వాడవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. తోడుగా ఆహారం, శారీరక శ్రమ విషయంలో గట్టి సహాయం అందించవచ్చని కూడా చెప్పింది. ఆ "తోడుగా" అన్న మాటలో ఎంత పని ఉందన్నదే ఇక్కడి ప్రశ్న.

## నోరు కట్టుకుంటే శరీరం ఊరుకోదు

బరువు తగ్గడం కన్నా తగ్గిన బరువును నిలుపుకోవడం కష్టం. దీన్ని మనోబలం లేకపోవడంగా చూడటం చాలాకాలంగా ఉంది. శరీరశాస్త్రం మాత్రం వేరే సంగతి చెబుతోంది.

కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయని 1994లో తెలిసింది. ఒంట్లో ఎంత కొవ్వు నిల్వ ఉందో మెదడుకు చెప్పే కబురు అది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, మెదడు దాన్ని కరువుగా అర్థం చేసుకుంటుంది. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో 50 మంది పది వారాల పాటు బాగా తక్కువ కేలరీలతో బరువు తగ్గారు. ఏడాది తర్వాత చూసినా వాళ్ల లెప్టిన్ తక్కువగానే ఉంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగానే ఉంది. అంటే డైటింగ్ ముగిసిన ఏడాదికి కూడా శరీరం ఆ సంగతి మరిచిపోలేదు.

అమెరికాలో ఒక టీవీ పోటీలో చాలా వేగంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో ఎక్కువమందికి బరువు చాలావరకు తిరిగి వచ్చేసింది. అయినా విశ్రాంతిలో వాళ్ల శరీరం ఖర్చు చేసే శక్తి, ఆ బరువుకు ఉండాల్సిన దానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. పోటీలో వాళ్లు పడిన శ్రమ మామూలుది కాదు. అంత శ్రమా ఈ ఎదురుదాడిని ఆపలేకపోయింది. ఊబకాయం ఉన్నవాళ్లను నిందించే ముందు ఈ ఒక్క ఫలితం గుర్తుంటే చాలు.

## మందు పట్టుకునేది ఎక్కడ

తిండి పేగుల్లోకి చేరగానే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. ఇన్సులిన్ విడుదలకు సాయపడుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, ఇక చాలన్న కబురు మెదడుకు పంపుతుంది. చిక్కేమిటంటే ఇది రక్తంలో నిలిచేది రెండు నిమిషాలే. గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో ఇలాంటి పనే చేసే, ఇంకా ఎక్కువసేపు నిలిచే పదార్థం దొరికింది. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్‌కు 2005లో మధుమేహం కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత రోజుకోసారి తీసుకునే లిరాగ్లూటైడ్, వారానికోసారి తీసుకునే సెమాగ్లూటైడ్ వచ్చాయి. ఓజెంపిక్, వెగోవీ పేర్లతో అమ్మేది ఈ సెమాగ్లూటైడ్‌నే. మౌంజారో, జెప్‌బౌండ్ పేర్లతో వచ్చే టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే మరో హార్మోన్ పనిని కూడా చేస్తుంది.

వాడినవాళ్లు ఎక్కువగా చెప్పేది తిండి ధ్యాస తగ్గడం గురించి. ఇప్పుడే తిని లేచినా తర్వాత ఏం తినాలా అన్న ఆలోచన బుర్రలో తిరుగుతూ ఉండటం కొందరికి ఏళ్ల తరబడి అలవాటైన స్థితి. మందు మొదలైన కొన్ని వారాల్లో అది సద్దుమణుగుతుంది. కరువు వచ్చిందన్న మెదడు కేకను మందు అణచివేస్తోందన్నమాట.

ఫలితాలు చిన్నవేం కావు. 2021లో ప్రచురితమైన స్టెప్-1 పరీక్షలో 1,961 మంది పాల్గొన్నారు. 68 వారాల్లో సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లు తగ్గింది 2.4 శాతం. 2022లో వచ్చిన సర్‌మౌంట్-1 పరీక్షలో టిర్జెపటైడ్ ఎక్కువ డోసు తీసుకున్నవాళ్లు 72 వారాల్లో 20.9 శాతం తగ్గారు. గుండె జబ్బు ఉండి, మధుమేహం లేని 17,604 మందితో జరిగిన సెలెక్ట్ పరీక్షలో సెమాగ్లూటైడ్ వల్ల గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి.

ఇక్కడ తరచూ మరుగున పడే సంగతి ఒకటుంది. స్టెప్-1లో రెండు గుంపులకూ రోజుకు 500 కేలరీలు తగ్గించుకోమని, వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ చేయమని చెప్పారు, క్రమం తప్పకుండా సలహాలూ ఇచ్చారు. మందుకు అనుమతి వచ్చింది కూడా ఆహార నియమం, శారీరక శ్రమలకు తోడుగానే. కాబట్టి 14.9 శాతాన్ని మందు ఒక్కదాని ఫలితంగా చెప్పుకోవడం సరికాదు.

## తూకం యంత్రం చూపించని లెక్క

అలవాట్లు కూడా గట్టిగా మారిస్తే బరువు ఇంకెంత తగ్గుతుంది? స్టెప్-3 పరీక్ష దాదాపు ఇదే అడిగింది. సెమాగ్లూటైడ్‌తో పాటు మొదటి 8 వారాలు బాగా తక్కువ కేలరీల ఆహారం, 68 వారాల్లో 30 సార్లు కౌన్సెలింగ్ ఇచ్చారు. తగ్గిన బరువు 16 శాతం. మామూలు సలహాలే ఇచ్చిన స్టెప్-1లో 14.9 శాతం. రెండు వేర్వేరు పరీక్షలను నేరుగా పోల్చడం పూర్తిగా సబబు కాదు. అయినా అంత శ్రమకు తూకంలో పెరిగిన లాభం కొద్దిగానే ఉందని ఒప్పుకోవాలి.

అలవాట్ల అవసరం లేదనేవాళ్లు ఈ అంకెను చూపించి ఆగిపోవచ్చు. కానీ తూకం యంత్రం ఒంట్లోంచి ఎన్ని కిలోలు పోయాయో చెబుతుంది. ఏం పోయిందో చెప్పదు.

వేగంగా బరువు తగ్గితే కొవ్వుతో పాటు కొవ్వు కాని భాగం కూడా పోతుంది. కండ, నీరు, కొంత అవయవాల బరువు కలిస్తే ఆ భాగం. ఒంట్లో కొవ్వెంత, మిగతాదెంత అని స్కాన్ చేసి చూసినప్పుడు, సర్‌మౌంట్-1లో తగ్గిన బరువులో సుమారు 25 శాతం, స్టెప్-1లో దాదాపు 40 శాతం ఈ భాగమే. 100 కిలోల మనిషి 15 కిలోలు తగ్గితే అందులో దాదాపు 4 నుంచి 6 కిలోలు కొవ్వు కానిది. డైటింగ్ వల్ల బరువు తగ్గినా ఇలాంటి నష్టం ఉంటుంది కాబట్టి దీన్ని మందు ప్రత్యేక దోషంగా చూడలేం. కాకపోతే తగ్గే బరువు ఎక్కువ కనుక పోయే కండా ఎక్కువే.

ముప్పై ఏళ్ల మనిషికి ఇది తెలియకపోవచ్చు. అరవై ఐదేళ్ల మనిషిని ఊహించుకుంటే తెలుస్తుంది. బరువు తగ్గింది, మోకాళ్ల మీద భారం తగ్గింది, షుగర్ అదుపులోకి వచ్చింది. కానీ కుర్చీలోంచి లేవాలంటే ఇంతకుముందు అక్కర్లేని చేతి ఆసరా ఇప్పుడు కావాల్సి వస్తోంది. మెట్లెక్కేటప్పుడు ఒక చేయి రెయిలింగ్ మీదే ఉంటోంది. తూకంలో కనిపించిన విజయంలో కొంత భాగం తొడ కండలోంచి వచ్చింది. రేపు బరువు తిరిగి పెరిగితే కొవ్వు వచ్చినంత తేలిగ్గా ఆ కండ రాదు.

కండను నిలిపే పని మందు చేయదు. దానికి రెండే దారులు: కండకు పని చెప్పడం, దానికి కావాల్సిన ప్రొటీన్ అందించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లందరికీ వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామం సూచిస్తోంది. బరువు తగ్గే మందు వాడేవాళ్ల విషయంలో ఆ రెండో భాగం మొదటి వరుసలోకి రావాలి. నడక మంచిదే. గుండెకు, మనసుకు, నిద్రకు సాయం చేస్తుంది. కానీ కండ నిలవడానికి నడక ఒక్కటే చాలదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి పుషప్స్ చేయడం, నీళ్ల సీసాలతో బరువులెత్తడం లాంటి వాటితోనైనా మొదలుపెట్టవచ్చు.

## నాలుగు ముద్దల్లో ఏముంది

డోసు పెరిగిన మూడో నెలలో ఒక పూట భోజనాన్ని చూద్దాం. కంచం ముందు కూర్చున్న మనిషికి నాలుగు ముద్దలు దిగేసరికి కడుపు నిండినట్టు అనిపిస్తుంది. ఐదో ముద్ద తింటే వికారం. ఆకలి రుచి ఎరగదంటారు. ఇక్కడ ఆకలే లేదు కాబట్టి రుచికే తినాలి, అదీ కొంచెమే. అలాంటప్పుడు చేయి ముందుగా దేని మీదికి వెళ్తుందన్నది చాలా ముఖ్యం. మెత్తగా, తియ్యగా, తేలిగ్గా దిగే పదార్థంతో మొదలుపెడితే ఆ పూట కోటా దానితోనే అయిపోతుంది. ప్రొటీన్ ఉన్నది అలాగే మిగిలిపోతుంది.

ఎక్కువ తినే రోజుల్లో పోషకాల లోపం కొంత కప్పబడిపోతుంది, ఏదో ఒక దాంట్లోంచి అందుతుంది. తిండి సగానికి పడిపోతే ఆ వెసులుబాటు ఉండదు. తక్కువ తినేవాళ్లకే మంచి తిండి ఎక్కువ అవసరం. పప్పుధాన్యాలు, గుడ్లు, చేపలు, మాంసం, పాల పదార్థాల్లో తినేదేదో ముందు తిని, తర్వాత కూరగాయలు, ఆ తర్వాత మిగతావి తినే వరుస ఈ దశలో బాగా పనికొస్తుంది. బరువు తగ్గే సమయంలో కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాములు లేదా అంతకన్నా కొంచెం ఎక్కువ ప్రొటీన్ మంచిదని చాలామంది నిపుణులు సూచిస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

సైడ్ ఎఫెక్ట్స్ తగ్గడంలోనూ తినే పద్ధతికి పాత్ర ఉంది. కడుపు మెల్లగా ఖాళీ అవుతోంది కాబట్టి ఒకేసారి ఎక్కువ తిన్నా, నూనె ఎక్కువగా ఉన్నది తిన్నా అది లోపలే నిలిచి వికారం, పుల్లటి తేన్పులు, వాంతులు తెస్తుంది. కొంచెం కొంచెంగా, మెల్లగా తినడం, నిండిందనిపించగానే ఆపేయడం ఇక్కడ చికిత్సలో భాగమే. మలబద్ధకం ఇంకో పెద్ద ఫిర్యాదు. తిండితో పాటు తిండిలోంచి వచ్చే నీరూ తగ్గుతుంది, దాహం తగ్గినట్టు కూడా కొందరికి అనిపిస్తుంది. పీచు పదార్థం మెల్లమెల్లగా పెంచి, నీళ్లు వేళ పెట్టుకుని తాగాలి. పీచు ఒక్కసారే పెంచేస్తే ఉబ్బరం ఎక్కువవుతుంది.

## మందు ఆపిన తర్వాత

చర్చ అంతా చివరికి వచ్చి ఆగేది ఇక్కడే. స్టెప్-4 పరీక్షలో అందరికీ 20 వారాలు సెమాగ్లూటైడ్ ఇచ్చి, తర్వాత కొందరికి తెలియకుండా ఉత్తుత్తి మందుకు మార్చారు. కొనసాగించినవాళ్లు వచ్చే 48 వారాల్లో మరో 7.9 శాతం తగ్గారు. ఆపినవాళ్లు 6.9 శాతం పెరిగారు. టిర్జెపటైడ్‌తో చేసిన సర్‌మౌంట్-4లోనూ ఇదే కథ: ఆపినవాళ్లు ఏడాదిలో 14 శాతం పెరిగారు. స్టెప్-1 పూర్తయ్యాక ఏడాది గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది.

స్టెప్-4, సర్‌మౌంట్-4 పరీక్షల్లో ఉన్నవాళ్లందరికీ ఆహారం, వ్యాయామం గురించి సలహాలు అందాయి. అయినా బరువు వచ్చింది. సలహా వినడానికి, అలవాటు పడటానికి మధ్య ఉన్న దూరం ఇక్కడ కనిపిస్తుంది.

మందు వాడే రోజుల్లో "తక్కువ తినడం నాకు అలవాటైపోయింది" అని చాలామంది నమ్మకంగా అంటారు. ఆ మాటలో మోసం లేదు గానీ పొరపాటు ఉంది. ఆకలి లేదు కాబట్టి తినలేదు. అది మందు ఫలితం. ఆకలి తిరిగి వచ్చిన రోజు అది నిలవాల్సిన కారణం ఏమీ లేదు. ఆకలితో సంబంధం లేని వేరే రకం పనులు ఉన్నాయి: ఫలానా వేళకు చెప్పులేసుకుని బయటికి నడవడం, భోజనంలో ప్రొటీన్‌ ముందు తినడం, వారానికి రెండు రోజులు బరువులెత్తడం, రాత్రి ఫలానా టైమ్‌కి లైటు ఆర్పడం. ఇవి వేళకు, చోటుకు, వస్తువుకు ముడిపడి ఉంటాయి. మందు ఉన్నా లేకపోయినా గడియారం ఆ వేళ చూపిస్తుంది, చెప్పులు గుమ్మం దగ్గరే ఉంటాయి.

డెన్మార్క్‌లో జరిగిన ఒక పరీక్ష ఈ తేడాను బాగా చూపించింది. 195 మంది 8 వారాలు తక్కువ కేలరీల ఆహారంతో సగటున 13.1 కిలోలు తగ్గారు. తర్వాత ఏడాది పాటు వాళ్లను నాలుగు గుంపులు చేశారు: వ్యాయామం, లిరాగ్లూటైడ్, రెండూ కలిపి, రెండూ లేకుండా. ఏదీ లేని గుంపుతో పోలిస్తే వ్యాయామం గుంపు 4.1 కిలోలు, మందు గుంపు 6.8 కిలోలు, రెండూ ఉన్న గుంపు 9.5 కిలోలు తక్కువ బరువుతో నిలిచాయి. ఒంట్లో కొవ్వు శాతం తగ్గడంలో రెండూ ఉన్న గుంపు, ఒక్కొక్కటే ఉన్న గుంపుల కన్నా దాదాపు రెట్టింపు లాభం పొందింది.

ఆ తర్వాత అన్నీ ఆపేసి ఇంకో ఏడాది చూశారు. మందు మాత్రమే వాడినవాళ్లకు బరువు ఎక్కువగా తిరిగి వచ్చింది. మందుతో పాటు వ్యాయామం చేసినవాళ్లు అంతకన్నా మెరుగ్గా నిలబడ్డారు. లిరాగ్లూటైడ్ పాత మందు, పరీక్ష చిన్నది. అయినా అది చూపించిన దిశ స్పష్టంగానే ఉంది. వాళ్లకు ఏడాది పొడవునా పర్యవేక్షణలో వ్యాయామం జరిగిందన్నది కూడా మరవకూడదు. ఆ అలవాటు కాగితం మీద సలహాతో వచ్చింది కాదు.

## నాటడానికి అదును

అలవాటు పడటానికి 21 రోజులు చాలన్న మాటకు గట్టి ఆధారం లేదు. లండన్‌లో 96 మందితో జరిగిన అధ్యయనం 2010లో వచ్చింది. అందులో ఒక పని ఆలోచించకుండానే జరిగే స్థాయికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. వ్యాయామం లాంటివాటికి తినడం, తాగడం అలవాట్ల కన్నా ఎక్కువ రోజులు పట్టింది.

ఇప్పుడు మందు లెక్క చూద్దాం. బరువు కోసం ఇచ్చే సెమాగ్లూటైడ్‌ను 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 0.5, 1, 1.7 దాటి 2.4 దాకా పెంచుతారు. పూర్తి డోసుకు చేరడానికి 16 వారాలు, అంటే 112 రోజులు. ఒకటి రెండు అలవాట్లు పాతుకోవడానికి ఆ కాలం సరిపోతుంది. అదీగాక తిండి ధ్యాసతో పెనుగులాట లేని కాలం అది. ఆకలితో పోరాడటానికి ఇంతకాలం ఖర్చయిన ఓపిక ఇప్పుడు చేతిలో ఉంది. బరువు బాగా తగ్గాక వ్యాయామం మొదలుపెడదాం అనుకుంటే అప్పటికి కొంత కండ పోయి ఉంటుంది, అదునూ దాటిపోయి ఉంటుంది.

నిద్రను కూడా ఇందులో కలుపుకోవాలి. తక్కువ నిద్రపోయే, అధిక బరువున్న 80 మందితో జరిగిన ఒక అధ్యయనం 2022లో వచ్చింది. రాత్రి సుమారు 1.2 గంటలు ఎక్కువ నిద్రపోయినవాళ్లు, ఏ డైటింగూ లేకుండానే రోజుకు దాదాపు 270 కేలరీలు తక్కువ తీసుకున్నారు. ఇంట్లో ఏముంటుందన్నది ఇంకో సంగతి. 2019లో అమెరికాలో 20 మందికి రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు ప్రాసెస్ చేయని ఆహారం కావాల్సినంత పెట్టి చూశారు. మొదటి రకం పెట్టినప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. మందు ఉన్నన్నాళ్లూ అలమరలోని ప్యాకెట్లు కదలకుండా పడి ఉండొచ్చు. ఆకలి తిరిగి వచ్చిన రోజు అవి అక్కడే ఉంటాయి.

## ఎవరు జాగ్రత్తపడాలి

ఈ మందులు డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి. గర్భిణులు వాడకూడదు. గర్భం కోసం ప్రయత్నించేవాళ్లు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వల్ల గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గవచ్చు. మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ తమకు గానీ కుటుంబంలో గానీ ఉన్నవాళ్లకు ఇవి ఇవ్వరు. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లకు షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. ఆగని వాంతులు, వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. పాంక్రియాస్ వాపు, పిత్తాశయంలో రాళ్లు ఎక్కువమందికి రావు గానీ నిర్లక్ష్యం చేయదగ్గవి కావు.

## ఆపాల్సి వస్తే

ఖర్చు వల్లనో, సైడ్ ఎఫెక్ట్స్ వల్లనో, మందు దొరకకనో చాలామంది మధ్యలో ఆపేస్తున్నారు. అలాంటివాళ్లు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. సెమాగ్లూటైడ్ ఒంట్లో సగానికి తగ్గడానికి వారం పడుతుంది. చివరి ఇంజెక్షన్ తర్వాత 5 నుంచి 7 వారాల దాకా దాని జాడ రక్తంలో ఉంటుంది. అందుకే మొదటి రెండు మూడు వారాలు ఆకలి పెద్దగా పెరగదు, ఆపినా ఏం కాలేదన్న ధైర్యం వస్తుంది. ఆ తర్వాత ఒక రాత్రి తిన్న గంటకే మళ్లీ వంటగదివైపు కాళ్లు వెళ్తాయి. తిండి ధ్యాస తిరిగి వచ్చిందని అప్పుడు తెలుస్తుంది. అది మందు పట్టు సడలడం. మనోబలం సన్నగిల్లడంగా దాన్ని లెక్కవేసుకోనక్కర్లేదు.

కాబట్టి ఆపే రోజు కన్నా ఆపాక నాలుగో వారం నుంచి మూడో నెల దాకా కనిపెట్టుకుని ఉండటం ముఖ్యం. వారానికోసారి ఒకే వేళకు బరువు చూసుకోవాలి. వ్యాయామం రోజుల్లో ఒక్కటీ తగ్గించకూడదు. ఎన్ని కిలోలు పెరిగితే మళ్లీ కలవాలో డాక్టర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినవాళ్లు మళ్లీ మాత్ర మొదలుపెడతారు, అందులో సిగ్గుపడేదేమీ లేదు. అలవాట్లన్నీ నిలబెట్టుకున్నా బరువు పెరుగుతూనే ఉంటే, తక్కువ డోసుతోనైనా మందు మళ్లీ మొదలుపెట్టాలా అన్నది డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నే.